ఉన్ని కడిగిన నీళ్ళు

కాలవ కట్టేసేలోగా సుగ్రా చెయ్యవలసిన పనులు చాలా ఉన్నాయి. నూతిలో పూడిక తీయించాలి. చేదకి కొత్త తాడు వెయ్యాలి. పెరట్లో పడమటి వైపు తాటాకు దడి నిలువెత్తు లేపాలి, లేకపోతే గాడ్పుకి బీరపిందెలు కాయ కాకుండానే మాడిపోతాయి. వంగమొక్కల ముదురు కొమ్మలు కోసేసి మొదట్లో గొర్రెపెంటికలు వెయ్యాలి, అప్పుడు అవి ఎండలు ఓర్చుకుని తొలకరికి మళ్ళీ చిగుళ్ళు వేస్తాయి. బెండగింజలు నానేసి నాటాలి. ఆనపపాదుని పందిరెక్కించాలి, పొట్లకాయలకి వంకర పోకుండా రాళ్ళు కట్టాలి. తోటకూర మడి దడి నీడలోకి మార్చాలి. మల్లెతుప్పల మొదళ్ళు గుల్ల చెయ్యాలి. వీటన్నిటికంటె ముఖ్యం, మగ్గం కింద ఊడ్చి దాచిన ఉన్ని పీచు తెచ్చి ప్రతి మొక్క మొదట్లోనూ అరచేతి మందాన పరవాలి, పైన ఇంత మట్టి చల్లాలి. ఆ పీచు కింద మన్ను మిట్టమధ్యాహ్నం కూడా తడారదు.

ఇవన్నీ సుగ్రా ఆ ఏడు ఒక్కటి వదలకుండా చేసింది. చేసినా, రోహిణీకార్తె రాకముందే పెరడు చచ్చిపోయింది.

ఏలూరులో తివాచీలు నేసేవాళ్ళ వీధిలో వాళ్ళ ఇల్లు. మొగుడు హబీబ్, మరిది యూసుఫ్, ఇద్దరిదీ మగ్గం పనే. అత్తగారు రహీమున్నీసా కళ్ళు సరిగా కనపడక వసారాలో మంచం పట్టుకుని ఉండేది. తోడికోడలు రజియా అత్తిలి పిల్ల, కాపరానికొచ్చి ఏడాది తిరగలేదు. ముందు మగ్గం సాల, వెనక పొడుగాటి పెరడు, పెరటి నడుమ నుయ్యి.

ఆ నూతి గురించి చెప్పాలి. కొల్లేటి వైపు వాలిన ఆ పేటలో ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే పడతాయి. ఈ ఒక్క నూతిలో మాత్రం తియ్యటి నీళ్ళు. ఏడాది పొడుగునా వీధి వీధంతా కాలవ నీళ్ళే తాగుతారు కనక ఎవరికీ ఈ నుయ్యి గుర్తుండదు. వేసవి వచ్చి, రిపేర్లకని సర్కారువాళ్ళు కాలవకి నీళ్ళు కట్టేశాక, మళ్ళీ వదిలేదాకా హిందువులు గాని తురకలు గాని బిందె పట్టుకుని ఈ పెరటి తలుపు తొయ్యవలసిందే.

అందుకని రహీమున్నీసా కోడలిగా ఆ ఇంట అడుగుపెట్టిన రోజుల్లోనే ఒక కట్టుబాటు పెట్టింది. కాలవ కట్టినన్నాళ్ళూ నూతినీళ్ళు మనుషులకీ పశువులకీ పనికీ మాత్రమే, మొక్కకి ఒక్క చేద కూడా పొయ్యకూడదు. మరి మొక్కలు ఎలా బతుకుతాయంటే, ఉన్ని కడిగిన నీళ్ళతో. నల్లజర్ల వైపు మెట్ట నుంచి గొల్లవాళ్ళు తెచ్చే ఉన్ని జిడ్డుతోనూ పెంటతోనూ నిండి ఉంటుంది. దాన్ని కుంకుడురసంలో నానేసి జాడిస్తే వచ్చే చిక్కటి మురికినీళ్ళు ఎరువుతో సమానం. మామగారు బతికున్న రోజుల్లో చిరివేరూ దానిమ్మ తొక్కలూ కరక్కాయలూ మరగేసి ఇంటి దగ్గరే రంగులు కూడా అద్దేవారు. ఆ నీళ్ళు పోసినా పెరడు ఏపుగానే ఎదిగింది. అట్లా పనిలో ఒకసారి వాడిన నీళ్ళే మొక్కకి దక్కేవి. మండుటెండల్లో ఊరంతా ఎండుకూరలు వండుకుంటుంటే ఆ ఇంట్లో లేత ఆనపకాయ ఉడికేదంటే అదీ సంగతి. నేతపని మందగించిన నెలల్లో ఇంటిల్లిపాదికీ ఆ పెరడే ఇంత కూర పెట్టేది.

ఆ చైత్రమాసంలో షావుకారు పాండురంగారావు గంగాళాలు పంపించాడు.

పాండురంగారావంటే హబీబుకి ఉన్ని ఇచ్చి, తివాచీలు తీసుకుని చెన్నపట్నం పంపించే వర్తకుడు. వాళ్ళ మగ్గం కూడా ఆయనదే. మామగారు పోయినప్పటి నుంచీ ఉన్నికి రంగు అద్దే పని తన ఇంటి వెనక దొడ్లోనే కూలివాళ్ళ చేత చేయించేవాడు. ఆ ఏడు రేకుడబ్బాల్లో వచ్చే కొత్త రంగులు మొదలుపెట్టాడు. వేళ్ళూ తొక్కలూ అక్కర్లేదు, ఇంత పొడి వేసి, సీసాలోంచి ఇంత ద్రావకం పోసి మరిగిస్తే చాలు, ఉన్ని ఎర్రగా నిప్పులాగా తేలుతుంది. ఆ గంగాళాలూ డబ్బాలూ సీసాలూ బండి మీద వేసి హబీబ్ ఇంటికి పంపేశాడు. మీ పెరట్లో అయితే నూతినీళ్ళు చెయ్యి చాపితే అందుతాయి, అక్కడా ఇక్కడా పని ఎందుకు, అద్దకం కూడా నువ్వే చూసుకో అన్నాడు. హబీబ్ పొంగిపోయాడు.

సుగ్రా కూడా పొంగిపోయింది. కాలవ కట్టే ముందర ఇన్ని జాడింపు నీళ్ళు ఇంటికి రావడం దేవుడిచ్చిన వరంలా తోచింది. తనే పార పుచ్చుకుని గంగాళాల దగ్గర నుంచి మొక్కల దాకా బోదె తవ్వింది. ఆ బోదె నూతిగట్టుని రాసుకుంటూ పోయింది. అది తిన్నని దోవ, తవ్వడం సులువు. నీళ్ళు చివరి మడులకి ఎక్కకపోతే కుండల్తో ఎత్తి పొయ్యడం రజియా పని.

ముందు తోటకూర పోయింది. ఆకు అంచులు కాగితం కాలినట్టు నల్లబడి ముడుచుకుపోయాయి. తరవాత బెండ. మొలకెత్తిన గింజ మొలకెత్తినట్టే చేవ లేకుండా వాలిపోయింది. ఆనపతీగె పందిరి సగమెక్కి ఆగింది, పూత రాలింది. చివరికి, ఎప్పుడూ ఎండల్ని లెక్కచెయ్యని మల్లెతుప్పలు కూడా మొగ్గ దశలోనే ఎర్రబారి ఎండిపోయాయి.

సుగ్రాకి కోపం ముందు రజియా మీదికి పోయింది. వేసవిలో మొక్క చచ్చిందంటే ఎండ నడినెత్తిన ఉండగా ఎవరో నీళ్ళు పోశారనే అర్థం. అత్తగారు నేర్పిన మొదటి పాఠం అదే. నీళ్ళు పొద్దుపొడవకముందు పొయ్యాలి, లేదా పొద్దు వాలాక పొయ్యాలి, కాలిన మన్ను మీద పోస్తే వేరు ఉడికిపోతుంది. నీళ్ళు పోసేది రజియా. ఇంక వేరే ఎవరిని అడగాలి.

"మధ్యాహ్నం పోశావు కదూ, నిజం చెప్పు," అంది సుగ్రా.

"లేదక్కా. పొద్దు వాలాకే పోశాను. ఆ నీళ్ళే బాగాలేవక్కా. కాళ్ళు మండిపోతున్నాయి నాకు."

"మండుతాయమ్మా, ఎందుకు మండవు. మీ అత్తిలిలో గుమ్మం ముందరే కాలవ, కాళ్ళు నానేసుకుని కూర్చునేదానివి. ఇక్కడ నాలుగు కుండలు మోసేసరికి అరికాళ్ళు కందిపోయాయి."

వీధిలోంచి నీళ్ళకొచ్చిన అమ్మాజీ, పక్కింటి మనిషే, చేద సగంలో ఆపి చూస్తోంది. అది చూసి సుగ్రా ఇంకో నాలుగు మాటలు కలిపింది. పుట్టింట్లో పని నేర్పి పంపించలేదంది. ఒళ్ళు వంగని మనిషి చేతిలో పచ్చని చెట్టు బతకదంది. రజియా కుండ నూతిగట్టు మీద పెట్టి లోపలికి పోయింది. ఆ పూట అన్నం తినలేదు. యూసుఫ్ వదినగారి మొహం చూడకుండా రెండు రోజులు తిరిగాడు.

రజియా కుండ ముట్టుకోవడం మానేసింది కనక మర్నాడు సాయంత్రం సుగ్రాయే నీళ్ళు మొయ్యవలసి వచ్చింది. బతికున్న ఒక్క వంగ వరసకి బోదె తిప్పుదామని చీర ఎగ్గట్టి బోదెలో దిగింది. పొద్దున తాటాకు కోసుకున్న గాటు ఒకటి పాదం మీద పచ్చిగా ఉంది. నీళ్ళు తగలగానే ప్రాణం జివ్వుమంది. ఉప్పు మంట కాదు, నిప్పు మంట. గబుక్కున గట్టు మీదికి ఎక్కి కాలు చూసుకుంది. గాటు చుట్టూ చర్మం తెల్లబారి ఉంది.

వంగి, మొక్క మొదట్లో తను పరిచిన ఉన్ని పీచు ఎత్తి చూసింది. అది ఇంకా తడిగానే ఉంది, ఉండవలసినట్టే. కాని పట్టుకుంటే బూజులాగా చిట్లిపోతోంది. దాని కింద మన్ను ఎర్రబారి, పుల్లటి ఘాటు వాసన కొడుతోంది. వానపాములు తాళ్ళలాగా చచ్చి పడి ఉన్నాయి. పీచు లేకపోతే ఆ నీళ్ళు కొంతైనా ఎండకి ఆవిరైపోయి ఉండేవి. తను పీచు పరిచి, మట్టి చల్లి, ఆ విషాన్ని వేరు దగ్గర చల్లగా దాచిపెట్టింది.

సుగ్రా అట్లాగే గొంతుక్కూర్చుండిపోయింది. మొదట తన మీద, తరవాత తన నోటి మీద, తరవాత ఆ గంగాళాల మీద కోపం వచ్చింది. అప్పుడు తలెత్తి బోదె వెంబడి చూసింది. ఎర్రటి చెమ్మ బోదె గట్టు దాటి, నూతి ఒర వైపు నాలిక చాపినట్టు పాకుతోంది. ఇంకో మూర దూరం. అవతల అమ్మాజీ వాళ్ళ కోడలు బిందె నింపుకుంటోంది.

మొక్కల సంగతి మర్చిపోయింది సుగ్రా. నుయ్యి ఒక్కటే కనపడింది ఆవిడకి. ఇవాళో రేపో ఆ చెమ్మ నూతిలోకి దిగుతుంది. కాలవ వదిలేదాకా వీధికి గుక్కెడు నీళ్ళుండవు. ఉన్నా ఎవరూ తాగలేరు. తెలియక తాగితే ఏమవుతుందో.

రాత్రి హబీబుకి చెప్పింది. హబీబ్ మెత్తటి మనిషి, షావుకారు మాట మీద ఈగ వాలనివ్వడు. పొడి రంగులు పాతవాటికంటె మంచివని ఆయనే చెప్పాడే అన్నాడు. మర్నాడు మగ్గం చూడ్డానికి వస్తాడు, మెల్లిగా అడుగుదాం, నువ్వు మాత్రం నోరు జారకు అన్నాడు.

షావుకారు వచ్చాడు. మగ్గం ముందర ముక్కాలిపీట మీద కూర్చుని తివాచీ అంచు నిమిరి చూశాడు. హబీబ్ చేతులు కట్టుకుని, పెరట్లో మొక్కలు కాస్త దెబ్బతిన్నాయండీ అని గొణిగాడు. తలుపు వెనక నిలబడ్డ సుగ్రా ఉండబట్టలేక, రంగునీళ్ళ వల్లనేనండీ, నూతిలోకి కూడా దిగేలా ఉన్నాయండీ అంది.

పాండురంగారావు నవ్వాడు. ఈ ఎండలకి ఊళ్ళో ఏ మొక్క బతికింది గనక అన్నాడు. ఆ నీళ్ళు మూగజీవాలు తాగినా ఏమీ కాదన్నాడు. తరవాత హబీబ్ వైపు తిరిగి, కన్ను గీటినట్టు చేసి, "మధ్యాహ్నం పోసుంటారోయ్. ఆడవాళ్ళకి ఎండేదో నీడేదో తెలుస్తుందా," అన్నాడు.

హబీబ్ కూడా నవ్వాడు. నవ్వకపోతే బాగుండదని నవ్వాడు.

సుగ్రాకి ఒళ్ళంతా కారం రాసినట్టయింది. తను రజియాని అన్న మాటే ఈ పెద్దమనిషి నోట్లోంచి వచ్చింది. ఆ మాట ఎంత తేలికగా నోటికొస్తుందో, అన్నవాడికి ఎంత హాయిగా ఉంటుందో, పడ్డవాళ్ళకి ఎట్లా ఉంటుందో ఆవిడకి అప్పుడు తెలిసింది. గుమ్మానికి ఇవతల రజియా కందిపోయిన అరికాళ్ళు నేలకి ఆనకుండా మడమల మీద నిలబడి ఉంది. అన్నీ వింది. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మర్నాడు పొద్దున, హబీబ్ సాలలోకి పోగానే, సుగ్రా మట్టికుండ తీసుకుని గంగాళంలో అడుగుకి పట్టిన ఎర్రనీళ్ళు ముంచింది. తల నిండా దుప్పటి కప్పుకుని కుండ చంకకెత్తుకుంది. రజియా ఏమీ అడక్కుండా చెప్పులు తొడుక్కుని వెనకాలే బయల్దేరింది. పోవే ఇంట్లో కూర్చో అంది సుగ్రా. రజియా వినిపించుకోలేదు.

షావుకారు ఇల్లు బజారుకి ఇవతల. వెనక దొడ్డి తలుపు తెరిచే ఉంది. బండివాడు వీర్రాజు ఎడ్లకి చిట్టు కలుపుతున్నాడు. పాండురంగారావు నూనె రాసుకుని, స్నానానికి ముందు దొడ్లో పచార్లు చేస్తున్నాడు. మధ్యలో చుట్టూ ముళ్ళకంచె కట్టి, పైన తాటాకు గొడుగు వేసి, కన్నబిడ్డలాగా పెంచుతున్న మామిడి అంటు ఒకటి ఉంది. తాడేపల్లిగూడెం అవతల తోటల నుంచి ప్రత్యేకం తెప్పించుకున్నదని వీధిలో అందరికీ చెప్పుకున్నాడు.

"ఏమ్మా, ఇట్లా వచ్చారు," అన్నాడు.

"రంగునీళ్ళు తెచ్చానండీ," అంది సుగ్రా. "మొక్కలకి ఏమీ కాదన్నారు గదండీ నిన్న. మా పెరట్లో పొయ్యడానికి మొక్కలేం మిగల్లేదు. ఎండ ఇంకా ఎక్కలేదు, వేళ మంచిదే. మీ అంటుకి పొయ్యమంటారా అండీ?"

కుండ వంచలేదు. కంచె దగ్గరికి మాత్రం నడిచింది.

పాండురంగారావు అంటు వైపు చూశాడు, కుండ వైపు చూశాడు. "దానికి వీర్రాజు పొద్దున్నే పోశాడులే. అవతల పారబొయ్యి," అన్నాడు.

"అవతలంటే ఎక్కడండీ?"

ఆయన నోరు తెరిచేలోపు వంటింటి వసారాలోంచి ఆయన భార్య చంద్రావతి బయటికి వచ్చింది. మంచి మనిషి. ఇద్దరాడవాళ్ళు ఎర్రటి కుండతో అంటు దగ్గర నిలబడి ఉండడం చూసి కంగారుపడింది.

"అయ్యో, అక్కడ పొయ్యకమ్మా సుగ్రా. మొన్న ఫాల్గుణంలో ఆ నీళ్ళకే మా నిమ్మచెట్లు రెండూ నిలువునా మాడిపోయాయి. అందుకే గదా ఈయన గంగాళాలు మీ ఇంటికి పంపించేసింది."

వీర్రాజు చిట్టు కలిపే చెయ్యి ఆపేశాడు. చంద్రావతికి తన మాట తనకి అప్పుడు వినపడింది. మొగుడి వైపు చూసి, పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సుగ్రా కుండ మెల్లిగా కింద పెట్టింది.

"తెలిసే పంపించారన్నమాట," అంది.

"అదేం లేదమ్మా, ఆవిడకేం తెలుసు..."

"మీ నిమ్మచెట్లు పోయాయని మాకొక మాట చెబితే నోరరిగిపోయేదాండీ షావుకారుగారూ? ఒక్క మాట. అటువైపు బోదె తియ్యకండి, మొక్కలకి పెట్టకండి అని. మగ్గం చూడ్డానికి వారం వారం వచ్చేవారు గదా. నేను ఆ నీళ్ళు పారిస్తుంటే చూశారు గదా మీ కళ్ళతో. చూసి తాంబూలం నములుకుంటూ వెళ్ళిపోయారు."

గొంతు పెంచలేదు ఆవిడ. పెంచినట్టయితే ఆయనకి తేలికయ్యేది, ఆడది కేకలేసిందనేవాడు.

"చెట్లు పోతే పోనివ్వండి. ఆ నీళ్ళు నూతిలోకి దిగుతున్నాయండీ. వీధంతా తాగే నూతిలోకి. మీ వంటకి అక్కర్లేకపోవచ్చు, మీ ఎడ్లకి నీళ్ళు అక్కడే. వీర్రాజుని అడగండి. ఇదుగో ఈ పిల్ల కాళ్ళు చూడండి. దీని కాళ్ళు కాలిపోతున్నాయని ఇది మొత్తుకుంటే, ఒళ్ళు దాచుకుంటున్నావే అని నేను తిట్టిపోశాను. ఆ పాపం నాదే. మిగతాదంతా మీదండీ."

రజియా చెప్పులు విప్పి ఒక పాదం ముందుకి పెట్టింది. వేళ్ళ సందుల్లో చర్మం లేచి, పుళ్ళు పడి ఉన్నాయి. చంద్రావతి అది చూసి రెండు మెట్లు దిగింది. పాండురంగారావు చూడలేదు.

ఆయనకి సిగ్గు వెయ్యలేదని కాదు. సిగ్గు వేసిన షావుకారు ఏం చేస్తాడో అదే చేశాడు. "గంగాళాలు తీయించమంటే తీయిస్తాను. వాటితో పాటు మగ్గం కూడా తీయిస్తాను. నాకు రంగొక చోటా నేతొక చోటా కుదరదు. మీ ఆయన్ని అడిగే వచ్చావా ఇక్కడికి?" అన్నాడు.

ఈ ప్రశ్న వస్తుందని సుగ్రాకి తెలుసు. మగ్గం పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. మగ్గం ఉంటే నుయ్యి పోతుంది. ఈ రెండిట్లో ఒకటి ఎంచుకొమ్మని, నూనె కారుతున్న మొహంతో, చల్లటి నీడలో నిలబడి అడుగుతున్నాడు ఆయన. కుండెత్తి ఆ మొహాన కొట్టాలన్నంత కోపం వచ్చింది. ఒక్క అడుగు ముందుకి కూడా వేసింది. రజియా ఆవిడ మోచెయ్యి పట్టుకుంది.

అప్పుడే హబీబ్ రొప్పుతూ దొడ్డి తలుపులోకి వచ్చాడు. ఆడవాళ్ళు కుండతో ఇటు వెళ్ళారని ఎవరో సాలలోకొచ్చి చెప్పారట.

"రావయ్యా," అన్నాడు పాండురంగారావు, బరువు దిగినట్టుగా. "మీ ఆడవాళ్ళని ఇంటికి తీసుకుపో. ఆవిడేవో మాటలంటోంది. నేను మనసులో పెట్టుకోనులే."

చంద్రావతి మొగుడికేసి చూడలేదు. "ఆ రంగునీళ్ళకి మా నిమ్మచెట్లు మాడిపోయిన సంగతి వీళ్ళకి తెలిసిపోయింది నాయనా. ఈయన మీకు చెప్పారనుకున్నాను," అంది హబీబుతో.

హబీబ్ మొహంలో రంగు మారింది. నిన్న తను నవ్విన నవ్వు గుర్తొచ్చిందో ఏమో, తలొంచుకున్నాడు. తలొంచుకుంటే రజియా పాదం కనిపించింది. తమ్ముడి భార్య. ఆ పిల్లని నాలుగు మాటలంటుంటే సాలలోంచి విని కూడా తను లేవలేదు. ఆయన కోపగించుకోవడం ఆ ఊళ్ళో ఎవరూ చూడలేదు. అప్పుడు కూడా కోపగించుకున్నట్టు కనపడలేదు.

"గంగాళాలు ఇవాళే బోర్లించేస్తానండి," అన్నాడు. "మగ్గం విప్పి కట్టగట్టి ఉంచుతాను. బండి పంపించండి షావుకారుగారూ."

ముగ్గురూ ఇంటికి నడిచారు. కుండ అక్కడే, ఆయన దొడ్డి నడుమ ఉండిపోయింది.

సాయంత్రం బండి వచ్చింది. గంగాళాలూ పోయాయి, మగ్గమూ పోయింది, వడికి పెట్టుకున్న ఉన్ని కూడా పోయింది. షావుకారు ఒక్క మాట కూడా చెప్పి పంపలేదు. ఆయనకి పని చేసేవాళ్ళు ఊళ్ళో ఇంకా ఉన్నారు. గంగాళాలు మరో ఇంటికి చేరాయి. అయితే అప్పటికే అమ్మాజీ బిందె పట్టుకున్న ప్రతి మనిషికీ నిమ్మచెట్ల కథ చెప్పేసింది. ఆ రెండో ఇంటి ఆడవాళ్ళు వాటిని పెరట్లోకి రానివ్వలేదు. ఊరి చివర చౌడునేలలో పొయ్యిలు కట్టించుకుని, అక్కడికి నీళ్ళు మోయించుకోవలసి వచ్చింది పాండురంగారావు. ఆయనకి పడిన శిక్ష అంతే. అంతకంటె ఏమీ జరగలేదు. ఆ ఏడు అంటు కాపుకి కూడా వచ్చిందని చెప్పుకున్నారు.

ఇక్కడ మాత్రం తవ్వడం మొదలుపెట్టారు. ముందు బోదె, తరవాత మడులు, ఎర్రబారిన మన్ను కనపడినంత లోతుకి. తను పరిచిన ఉన్ని పీచంతా సుగ్రా గోళ్ళతో గీకి గీకి గంపలకెత్తింది. మల్లెతుప్పలు వేళ్ళతో సహా పెళ్ళగించింది. అవి అత్తగారు పెట్టిన మొక్కలు. రహీమున్నీసా వసారాలో మంచం మీద కూర్చుని, చప్పుడు వింటూ, ఇప్పుడేది పీకారు, ఇప్పుడేది పీకారు అని అడుగుతూ ఉంది. మొదట జవాబు చెప్పారు, తరవాత చెప్పడం మానేశారు. వీధిలో బిందెలు తెచ్చేవాళ్ళు బిందెలు పక్కన పెట్టి గంపలు అందుకున్నారు. కొందరు రాలేదు, వాళ్ళు కూడా నీళ్ళకి మాత్రం వచ్చారు. సుగ్రా వాళ్ళని ఆపలేదు గాని పలకరించలేదు.

షావుకారు సరుకుతో కొల్లేటి ఊళ్ళకి పోయే వీర్రాజు, తిరుగు బండి ఖాళీగా రావడం ఎందుకని, ఎండి బీటలిచ్చిన చెరువు అడుగు నుంచి నల్లటి ఒండ్రు ఎత్తుకొచ్చి పెరటి గుమ్మంలో పోసి పోయేవాడు. ఎవరు పొయ్యమన్నారని సుగ్రా అడిగితే, ఎడ్లు తాగే నుయ్యమ్మా అన్నాడు, అంతే.

నుయ్యి దక్కింది. చెమ్మ పాకిన చోట మన్ను ఒర దాకా తవ్వి తీసేశారు. నూతిలో నీళ్ళు అడుగంటా తోడి పారబోశారు. కొత్తగా ఊరిన నీళ్ళు ముందు ఎడ్లకి కూడా పెట్టకుండా తనే తాగింది సుగ్రా. ఒక రోజంతా ఆగి, ఏమీ కాలేదని చూసుకుని, అప్పుడు పెరటి తలుపు తెరిచింది. కాలవ వదిలేదాకా ఆ వీధికి నీళ్ళకి లోటు రాలేదు. కూరలు మాత్రం లేవు. యూసుఫ్ పని వెతుక్కుంటూ బెజవాడ పోయాడు. హబీబ్ మగ్గం లేని సాలలో కూర్చుని కొల్లేటి తుంగతో చాపలు అల్లాడు. తొలకరి పడ్డాక ఒండ్రుమట్టిలో మొదటి తోటకూర మొలిచింది, దాన్ని కొయ్యడానికి సుగ్రాకి చేతులు రాలేదు.

ఆ వీధిలో ఇప్పటికీ ఈ సంగతి చెప్పుకుంటారు. చెప్పుకున్నప్పుడల్లా సుగ్రా కుండ పట్టుకుని షావుకారు దొడ్లోకి పోవడమే చెప్పుకుంటారు. ఆవిడకది గిట్టదు. ఎవరైనా ఎదటపడి పొగిడితే మొహం తిప్పుకుని లేచిపోతుంది. ఎందుకంటే నీళ్ళు బాగాలేవని మొట్టమొదట చెప్పింది ఆవిడ కాదు. ఆ మాట చెప్పిన మనిషికి బదులుగా దక్కినవి తిట్లు. ఆ మనిషి పుళ్ళు పడ్డ కాళ్ళతోనే ఒండ్రు తొక్కింది, గంపలు మోసింది. సుగ్రా పొద్దుటా సాయంత్రమూ ఆ పాదాలకి గోరింటాకు నూరి పట్టించేది. పట్టిస్తూ క్షమించమని అనాలనుకునేది. అనలేకపోయింది. వానలు పట్టాక పుళ్ళు మానాయి, మచ్చలు మానలేదు.

వేసవిలో పెరడు పెంచుకునేవాళ్ళు మీలో ఉంటే ఒక్కటి కోరుతున్నాను. మీ ఇంట్లో మొక్కకి నీళ్ళు పోసే మనిషి, కోడలు గాని పనిమనిషి గాని, ఈ నీళ్ళలో ఏదో తేడా ఉందని అంటే, ముందు ఆ నీళ్ళలో మీ చెయ్యి పెట్టి చూడండి. అప్పుడు అత్తిలి పిల్ల రజియాని ఒకసారి తలుచుకోండి.